దానయ్య పెట్టె ఎవరి మాట వింటుంది

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్లు ఎక్కువ. చిన్నప్పుడు మా అమ్మ అనేది, ఈ పిల్లకి ఎప్పుడూ పక్క కంచంలోనే కూర ఎక్కువ కనిపిస్తుందని. దాచుకోవడం నాకు చేతకాదు. కాబట్టి ఈ కథలో నేనేదో మంచిదాన్నని చూపించుకునే పని పెట్టుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

నా పేరు నూకరత్నం. మాది అనకాపల్లి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, కొమ్ముపాలెం రేవులో కొత్తగా పెట్టిన రేడియో ల్యాబ్‌లో చేరాను. ఆ రేవులోనే బోటు డ్రైవర్ దానయ్యని చూశాను, ఇష్టపడ్డాను, చేసుకున్నాను. మా వాళ్లు కులం కాదని గోల చేశారు. వాళ్ల వాళ్లు కాసులు సంగతేమిటని గోల చేశారు.

కాసులు అంటే కాసులమ్మ, ఆయన మేనమామ కూతురు. పుట్టిన రోజునే ఇది దానయ్యకి అని అనుకున్న పిల్ల. ఆ పేటలో మేనరికం అంటే ఆషామాషీ కాదు, మరదలికి బావ మీద హక్కున్నట్టే లెక్క. మధ్యలో నేనొచ్చి పడ్డాను. కాసులు ఏడవలేదు, తిట్టలేదు, మా పెళ్లికొచ్చి వడ్డన కూడా చేసింది. ఆ తర్వాత ఇంకెవర్నీ చేసుకోలేదు. రేవులో చేపల వేలం పాడుతుంది, కొమ్ముకొండ కొసన మేడ ఇంట్లో వాళ్ల అమ్మతో ఉంటుంది. నన్ను "అప్పా" అని, అక్కా అన్నట్టు, పిలుస్తుంది. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు, మర్యాద చేసేవాళ్లని ఏం చెయ్యగలం?

ఇక పెట్టెల సంగతి. ఒడ్డు దాటి కొంచెం లోపలికి పోతే ఫోన్లు పనిచెయ్యవు. అక్కడ గాలిలో మాట నడిచే మంచి దారులన్నీ పోర్టువి, పెద్ద ఓడలవి. అనుమతి వాళ్లది, దారి వాళ్లది. కానీ వాళ్లు రోజంతా మాట్లాడరు కదా. వాళ్లు మాట్లాడనప్పుడు ఆ దారి ఊరికే పడి ఉంటుంది. ఆ ఖాళీలో చిన్న బోట్లు మాట్లాడుకుని, సొంతదారు గొంతు విప్పగానే గప్‌చుప్‌గా పక్క దారికి తప్పుకునే పెట్టె ఒకటి మా శర్వాణి మేడమ్ తయారుచేసింది. టిఫిన్ క్యారియరంత ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. దారి ఖాళీగా ఉందో లేదో తెలియాలంటే పెట్టె చెవి ఒగ్గి వింటూనే ఉండాలి. వినడానికి కరెంటు ఖర్చవుతుంది. చిన్న బోటు బ్యాటరీ ఆ వినడానికే అయిపోతే, తీరా మాట్లాడాల్సిన వేళకి పెట్టె చచ్చి కూర్చుంటుంది.

మేడమ్ దీనికి కనిపెట్టిన ఉపాయాన్ని వలల షెడ్డులో డ్రైవర్లందరితో ఆడించి చూపించింది.

"అందరూ కళ్లు మూసుకోండి. పోలయ్యగారొక్కరే తెరిచి ఉంచుతారు. నేను ఓడని. నేను ఈ గుమ్మం దాటితే ఆయన చప్పట్లు కొట్టాలి."

మేడమ్ గుమ్మం దాటింది, పోలయ్య చప్పట్లు కొట్టాడు. "చూశారా, ఒక్కరు మేలుకుంటే మిగతావాళ్లంతా హాయిగా కళ్లు మూసుకోవచ్చు. మన పెట్టెలు కూడా ఇలాగే వంతుల వారీగా మేలుకుంటాయి" అంది.

ఆ పేటకి పెద్ద ఎర్రన్న తాత ఒక కన్ను తెరిచాడు. "ఈ పోలిగాడు సూస్తాడని నాకేటి నమ్మకమమ్మా? ఈడు కళ్లు తెరిసే నిద్దరోతాడు."

షెడ్డంతా నవ్వులు. మేడమ్ కూడా నవ్వింది. "అందుకే తాతగారూ, ఎవరి మాట నిజమైందో, ఎవరిది తప్పిందో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. ఎవరి మాట ఎక్కువసార్లు నిజమైతే, ఎవరి బ్యాటరీలో సత్తువ ఉంటే, వాళ్లకే కాపలా ఇస్తుంది. మిగతా పెట్టెలు పడుకుని వాళ్ల మాటే వింటాయి."

ఆ నమ్మకం లెక్క కట్టే భాగం నేనే రాశాను. మేడమ్ ఆ మాట డ్రైవర్ల ముందు చెబుతుందేమో అని ఎదురుచూశాను. చెప్పలేదు. సరే, అది వేరే కుళ్లు.

బోటుకో పెట్టె, ఒడ్డున కొన్ని ఇళ్ల మీద ఒక్కో పెట్టె పెట్టాం. ల్యాబ్‌లో తెర మీద అవన్నీ చుక్కలుగా కనిపిస్తాయి. ఏ పెట్టె ఏ పెట్టె మాట వింటోందో ఆ రెండింటి మధ్య గీత పడుతుంది. నమ్మకం పెరిగిన కొద్దీ గీత లావవుతుంది.

పొద్దున్నే డ్యూటీకి వెళ్లి తెర చూసేదాన్ని. దానయ్య బోటు చుక్క దగ్గర బయల్దేరిన గీత మా ఇంటి చుక్క మీదుగానే పోయి కాసులు మేడ మీద వాలేది. లావుపాటి గీత. రేవు మొత్తంలో ఇంకెవరి మధ్యా అంత లావు గీత లేదు. రేపు తగ్గుతుందిలే అనుకునేదాన్ని. మర్నాటికి ఇంకా ఒళ్లు చేసేది.

ఎందుకో నాకు తెలుసు. కాసులు ఇల్లు కొండ కొసన ఉంది కాబట్టి దానికి రెండు వైపుల సముద్రమూ వినిపిస్తుంది. మా ఇల్లు కొండ చాటున ఉంది, దక్షిణం వైపు ఓడలు పోయే దారి దానికి వినపడదు. పైగా ఆవిడగారి బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మిగతా ఇళ్లలో ఆ బ్యాటరీకి ఫ్యాన్లు తగిలిస్తారు, ఫోన్లు తగిలిస్తారు. కాసులు మాత్రం రోజూ మేడెక్కి సోలార్ పలక మీద ఉప్పూ, కాకిరెట్టలూ తుడిచి వస్తుందట. నేను రాసిన లెక్క ప్రకారం అలాంటి పెట్టెనే నమ్మాలి. లెక్క తప్పు కాదు. కానీ రోజూ పని మానుకుని మేడెక్కి తుడవడం ఎవరి కోసమని నా లెక్కలో ఎక్కడా లేదు. నన్ను తినేసింది అదే.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం దగ్గరే అడిగేశాను. "నీ పెట్టె దాని పెట్టె మాటే ఎందుకు వింటుంది? అది రోజూ పలక తుడిచేది ఎవరి కోసం?"

దానయ్య ముద్ద చేతిలో పట్టుకుని నా వంక చూశాడు. "కట్టింది నువ్వే గదేటి? నన్నడుగుతావేటి?"

"మన ఇంటి మీద కూడా పెట్టె ఉంది. నా మాట వినకూడదా?"

"పెట్టెకేటి తెలుస్తాదే, నువ్వెవురో అదెవురో?"

"నీకు తెలుసు కదా."

దానయ్య చేతిలో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత పులుసు బాగుందన్నాడు. ఆ రోజు నేను చేసింది వేపుడు.

అంతే, నాకు పంతం వచ్చేసింది. లారీకి వేసే పెద్ద బ్యాటరీ కొన్నాను. ఇంటి మీద సరుగుడు బాదు, పొడవాటి గుంజ, పాతించి, చివర పెట్టె కట్టించాను. పెట్టె పక్కన మేం పరీక్షల కోసం పెట్టుకున్న మీట ఒకటి ఉంటుంది, అది నొక్కితే పెట్టె నిద్రపోదు, వంతు ఉన్నా లేకపోయినా వింటూనే ఉంటుంది. అది నొక్కి వదిలేశాను. కొన్నాళ్లకి తెర మీద దానయ్య చుక్క నుంచి మా ఇంటికి వెంట్రుకంత గీత ఒకటి పడింది. ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ మిఠాయి పంచాను. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను. పక్కనే కాసులు గీత ఎప్పట్లాగే లావుగా ఉంది.

ఇదంతా నాతోనే ఆగిపోయేది. మేడమ్ ఒక మంచి పని చెయ్యబోయింది. జనానికి పెట్టెల మీద గురి కుదరాలంటే వాళ్లకి కూడా కనిపించాలని, ల్యాబ్‌లో ఉన్న తెర లాంటిదే ఇంకోటి తెచ్చి వేలం షెడ్డు గోడకి బిగించింది. ఎవరి చుక్క ఏదో పక్కన పేరు కూడా రాయించింది.

మేడమ్‌ది హైదరాబాదు. ఆవిడకి అది రేడియో పటం. పేటలో ఆడవాళ్లకి అది వేరేలా కనిపించింది. వాళ్లు దాన్ని వరసలు చూసినట్టు చూశారు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరి మాట వింటారు. పోలయ్య పెట్టె వాళ్లావిడని కాదని వదినగారి పెట్టె మాట వింటోంది. పోలయ్య పెళ్లాం చేపల గంప అక్కడే దింపి, మొగుడు ఒడ్డుకి రాగానే నలుగురిలో నిలదీసింది. గట్టు తగువు పెట్టుకుని ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ముల పెట్టెలు ఒకదాన్నొకటి తెగ నమ్ముకున్నాయి. వాళ్లిద్దరూ వచ్చి, ఈ దిక్కుమాలిన గీత చెరిపెయ్యమని మేడమ్‌ని పట్టుకున్నారు. కొత్త కోడలొకతె మొగుడి గీత అత్తగారింటి మీద కాకుండా తన పుట్టింటి మీద వాలిందని తల ఎగరేసుకుని తిరిగింది. అత్తగారు పెట్టె మీద గోనెసంచి కప్పేసింది.

నేను వాళ్లకి నచ్చజెప్పాలి. అది నా ఉద్యోగం. "అమ్మా, అది ప్రేమ కాదు, లెక్క" అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. పోలయ్య పెళ్లాం నన్ను ఎగాదిగా చూసి, "లెక్కయితే నీ ఇంటి మీద ఆ బాదెందుకమ్మా?" అంది. గుమ్మం దిగి వచ్చేశాను.

నన్ను చూసి అందరూ నేర్చుకున్నారు. ఇంటింటి మీదా బాదులు లేచాయి. ఇంటింటికీ బ్యాటరీలు వచ్చాయి. నా మీట సంగతి ఎలా పొక్కిందో గానీ అందరూ నొక్కేశారు. బోట్లలో కూడా, ఎక్కడ ఎవరి మీద గీత పడుతుందోనని పెళ్లాలకి భయపడి డ్రైవర్లు మీట నొక్కి పెట్టారు. 

నెలాఖరుకి మేడమ్ నన్ను పిలిచి కంప్యూటర్ నా వైపు తిప్పింది. "ఒక్కటి మేలుకుని మిగతావి పడుకుంటాయని కదా రత్నం మనం ఇంత కష్టపడ్డాం? ఇప్పుడు అన్నీ మేలుకుని ఉన్నాయి. ఉపాయం లేనప్పుడు అయిన కరెంటు కంటే ఇప్పుడు ఎక్కువ అవుతోంది. ఇది నేను పైవాళ్లకి ఎలా చూపించను?"

"జనం కుళ్లుబోతులండీ" అన్నాను.

మేడమ్ కళ్లజోడు తీసి నన్నే చూసింది.

గొడవలు ముదిరి కొట్టుకునేదాకా వచ్చేసరికి ఎర్రన్న తాత వలల షెడ్డులో పేట పెద్దల్ని కూర్చోబెట్టాడు. ఆ పేటలో తగువేదైనా అక్కడే తీరాలి, తీరాక మాట తప్పకూడదు. తాత తీర్పు చెప్పాడు. "ఎవురింటి బోటు పెట్టి ఆ ఇంటి పెట్టి మాటే వినాల. పరాయింటి మాట వినకూడదు. ఇది ఒప్పుకోపోతే పెట్టులన్నీ మోసుకెళ్లి ల్యాబు కాడ దింపేస్తాం."

మేడమ్ శతవిధాల చెప్పి చూసింది. "అలా అయితే ఒక్కో బోటుకి ఒకటే చెవి మిగులుతుంది తాతగారూ. ఆ ఇంటి పెట్టెకి వినపడనిది ఆ బోటుకి ఎవరు చెబుతారు?"

"మాయింటి సంగతి మాకు తెలుస్తాదిలే అమ్మా" అన్నాడు తాత.

పెట్టెలన్నీ వెనక్కి వచ్చేస్తే ప్రయోగం అక్కడితో ఆఖరు. మేడమ్ తల వంచింది. అందరికంటే ముందు దానయ్య లేచాడు. "రాసుకోండి మేడమ్. నా పెట్టి మా ఇంటిదాని మాటే ఇంటాది. ఇంకెవురి మాటా ఇనదు."

నలుగురిలో, వాళ్ల పెద్దల ముందు, కాసులు వింటుండగా అన్నాడు. నాకు పెళ్లి రోజు కూడా అంత సంతోషం కలగలేదు. ఆ సాయంత్రమే ల్యాబ్‌కి వెళ్లి, బోట్లలో మీటలు పనిచెయ్యకుండా చేసి, ఏ బోటు పెట్టె ఆ ఇంటి పెట్టె మాటే వినేలా నా చేతులతో తాళం పెట్టాను. తెర మీద కాసులు మీద వాలే గీత తెగిపోయింది. దానయ్య చుక్క నుంచి మా ఇంటికి చక్కగా ఒక్కటే గీత మిగిలింది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

బయటికొస్తే కాసులు మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"అప్పా, మీ ఇంటికి కొండ అడ్డం."

"రేడియో పని నాది కాసులూ. నాకు తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు. అందుకే సెప్తన్నాను."

"ఈ కాలంలో వేట ఉత్తరం వైపే కదా. కొండ అడ్డమైతే ఏం?"

కాసులు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నాకు ఆ నడక చూస్తే కూడా మంటే.

తర్వాత ముసురు పట్టింది. ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో. సోలార్ పలకలు ఊరికే తడుస్తున్నాయి. పంచుకునేవాళ్లు లేక ఏ ఇంటి పెట్టెకి ఆ పెట్టె రోజంతా మేలుకుని వింటోంది, ఒక్కొక్క చుక్కే తెర మీద ఎర్రబడుతోంది. పోనీ చేపలు ఉత్తరాన పడ్డాయా అంటే అదీ లేదు. బోట్లు ఒకటొకటే దక్షిణం తిరిగాయి. దానయ్య కూడా తిరిగాడు. నాకు చెప్పే వెళ్లాడు. జాగ్రత్త అన్నాను. ఇంకేమైనా అనాల్సిందని ఇప్పుడు అనుకుంటే ఏం లాభం?

ఆ రోజు మేడమ్ సిటీకి వెళ్లింది. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. మధ్యాహ్నం వాన బాగా కమ్మింది. తెర మీద దానయ్య చుక్క ఒకటే వెలుగుతోంది ఆరుతోంది. పెట్టె మాట్లాడాలని చూస్తోందన్నమాట. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గరగర తప్ప ఏమీ లేదు. మా ఇంటి పెట్టె మాత్రం బుద్ధిగా 'దారి ఖాళీ, దారి ఖాళీ' అని చెబుతూనే ఉంది.

తలుపు నెట్టుకుని కాసులు వచ్చింది. నిలువునా తడిసి ఉంది.

"బావ పెట్టి అరుస్తంది అప్పా. ఓడ మాటాడతన్న దారి మీదే పడి అరుస్తంది. ఓడ గొంతు కింద బావ మాట నలిగిపోతంది. నా పెట్టికి ముక్కలు ముక్కలుగా ఇనబడింది. ఇంజిన్ ఆగిపోయిందంట. ఓడల దారిలోకి కొట్టుకుపోతన్నాడు."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాను. నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కొండ అవతల ఓడ మాట్లాడుతోంది, మా ఇంటి పెట్టెకి అది వినపడదు. వినపడలేదు కాబట్టి ఖాళీ అంటోంది. దానయ్య పెట్టె ఆ మాట నమ్మి, ఉన్న కాస్త బ్యాటరీ అక్కడే అరిచి తగలేసుకుంటోంది. ఆ వానలో ఓడవాళ్లకి బోటు కనిపించదు. ఓడ మీద పడితే బోటూ ఉండదు, దానయ్యా ఉండడు, ఆయనతో వెళ్లిన కలాసీలూ ఉండరు.

"నా పెట్టి సరిగానే సెప్తంది" అంది కాసులు. "ఇప్పుడు ఆగు, ఇప్పుడు పో, అని సెప్తానే ఉంది. నువ్వు తాళమేసినావు. బావ పెట్టి ఇనడం నేదు."

తాళం తీసే మీట నా ముందే ఉంది. మా ఆజ్ఞలు పంపడానికీ, పెట్టెలు ఖాళీ సంగతి ఒకదానికొకటి చెప్పుకోవడానికీ ల్యాబ్ మీదుగా విడిగా ఒక సన్నటి దారి ఉంది. మాట పట్టదు గానీ ఆజ్ఞ పోతుంది. నొక్కితే చాలు. తీశానంటే ఆ గీత మళ్లీ పడుతుంది. నలుగురిలో ఆయన అన్న మాట పోతుంది. నా వేలు మీట మీద ఆగింది. అబద్ధం చెప్పను, ఆగింది. కాసులు చూసింది కూడా.

"ఎవురి కోసం తుడుస్తానో అని అడిగినావంట గదా బావని" అంది నెమ్మదిగా. "నన్నడిగితే నేనే సెప్పుదును. బావ కోసమే. ఇంకేటి కావాలి నీకు? నొక్కు."

దానయ్యకొక్కడికే తియ్యడం కుదరదు, తాళం అందరికీ కలిపి ఒక్కటే. నొక్కాను.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత తెర మీద ఒక్కొక్క పెట్టే తాళం ఊడి లేచింది. ముసురుకి నీరసించి ఉన్న పెట్టెలన్నీ, ఎవర్ని నమ్మాలా అని వెతుక్కున్నాయి. దానయ్య చుక్క నుంచే కాదు, పోలయ్య నుంచి, మాటల్లేని అన్నదమ్ముల నుంచి, ప్రతి బోటు నుంచీ గీతలు బయల్దేరి కాసులు మేడ మీదే వాలాయి. రేవు మొత్తానికి ఒకటే చెవి. ఆ బరువుకి కాసులు బ్యాటరీ చూస్తుండగానే దిగిపోవడం మొదలెట్టింది. దానికి కూడా ఎండ లేదు కదా.

"ఇది ఆగేలా లేదు" అన్నాను. "మా ఇంట్లో లారీ బ్యాటరీ ఉంది. పద."

దాన్ని మామూలుగా ఇద్దరు మగవాళ్లు మోస్తారు. మేమిద్దరం చెరో వైపు పట్టుకుని ఆ వానలో కొండ దారి ఎక్కాం. ఒకచోట నేను జారాను, మోకాలు చీరుకుపోయింది. కాసులు తన వైపు దించకుండా అలాగే పట్టుకుని నిలబడింది. మేడ మీద టార్పాలిన్ కింద పెట్టె ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. బ్యాటరీ దింపి చూద్దును కదా, పెట్టె క్లిప్పులు సన్నవి, నా బ్యాటరీ బుడిపెలు లావువి. పట్టవు. పంతానికి పోయి పెద్దది కొన్నాను కానీ, మా ఇంట్లో దానికి వేరే క్లిప్పులు బిగించుకున్నాను. అవి బాదు మీద ఉండిపోయాయి.

క్లిప్పులు పీకేసి, తీగల పైతొడుగు పళ్లతో ఊడదీసి, రెండు తీగలూ రెండు బుడిపెల మీద రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టాను. దీపం పచ్చగా మారింది.

"కదలకు అప్పా" అని కాసులు మైకు అందుకుంది. ఓడ గొంతు ఆగిన ఖాళీ దొరకగానే పెట్టె దానయ్య పెట్టెకి చెప్పింది. దానయ్య మాట మొదటిసారి శుభ్రంగా వినిపించింది. ఎక్కడున్నాడో చెప్పాడు. కాసులు పోర్టు వాళ్లకి చెప్పింది, వాళ్లు ఓడకి చెప్పారు. ఓడ వేగం తగ్గించి పక్కకి తిరుగుతోందని కబురొచ్చింది. పోలయ్య బోటు తాడు పట్టుకుని దానయ్య కోసం వెళ్తోంది, కానీ ఆ వానలో వాడికి కూడా బోటు కనిపించదు. పెట్టె గొంతు ఏ వైపు నుంచి వస్తోందో చూసుకుంటూ పోవాలి. గొంతు ఆగితే ఆనవాలు పోతుంది.

"మాటాడతా ఉండు బావా" అంది కాసులు. "ఏదో ఒకటి సెప్పు. ఆపకు."

"ఏటి సెప్పమంటావే?" నవ్వబోయాడు. "నువ్వే పలికినావా? నీ పెట్టేనా?"

"నాదే."

నువ్విక్కడే ఉన్నావని చెప్పమంటావా అని కాసులు కళ్లతో అడిగింది. వద్దని తల ఊపాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు నాకు తెలియలేదు. వినాలనిపించింది, అంతే.

"తాళమేసిన కాడ్నించీ సెవుడొచ్చినట్టుందే కాసులూ" అన్నాడు దానయ్య. "అంతకు ముందు పొద్దున్నే నీ పెట్టి పలికితే గానీ నేను వల ఏసీవోడిని కాదు. నీకు తెల్దు గదా. ఎవురికీ తెల్దు. కలాసీలు నవ్వీవోరు, ఈడు పెట్టికి దణ్ణం పెడతాడని. నువ్వు మేడెక్కినావు, పలక తుడిసినావు, ఇంక నాకేటి బయం లేదని అనుకునీవోడిని."

కాసులు మైకు మీదకి వంగిపోయింది. దాని మొహం నాకు కనపడలేదు.

ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేశారు. పెట్టెకేం తెలుసన్నాడు. పులుసు బాగుందన్నాడు. లెక్కేనని నేను కూడా ఇంటింటికీ తిరిగి చెప్పాను. గీత తప్పు చెప్పలేదు. ఒక్క క్షణం పట్టు సడలింది, తీగలు నా వేళ్ల కింద జారబోయాయి. దీపం ఒక్కసారి ఎర్రబడింది. దానయ్య గొంతు చీలిపోయింది. వేళ్లు తెల్లబడేలా నొక్కి పట్టాను. మళ్లీ పచ్చగా అయింది.

"రత్నానికి ఈ మాట సెప్పకే" అంటున్నాడు దానయ్య. "అది మంచిది. తట్టుకోలేదు."

కాసులు మైకు మూసి నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇంక సాలప్పా. నేనాపేస్తాను. పోలయ్య దగ్గరికి వచ్చీసుంటాడు."

వచ్చాడో లేదో ఎవరికి తెలుసు? కొండ కింద వాన తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఆపకు" అన్నాను. "మాట్లాడించు. ఒడ్డుకి వచ్చేదాకా మాట్లాడించు."